రొమ్ము రాచపుండు: కత్తియా, మాత్రయా?



స్త్రీల రొమ్మునందు పుట్టు రాచపుండును నేటి వైద్యులు కాన్సరు అని వ్యవహరించుచున్నారు. ఈ వ్యాధికి కోత తప్ప వేఱు మందు లేదని మన పల్లెలలో చిరకాలముగ నున్న నమ్మకము. ఇటీవల దాని ప్రక్కనే మఱియొక మాట బయలుదేరినది. ఆపరేషను లేకుండనే, దినమునకొక మాత్ర మ్రింగిన చాలును, గడ్డ కరగిపోవునని ఆ మాట. "ఎనుబదేండ్ల ముసలమ్మకు కోత యెందుకు? మాత్ర యున్నదట కదా" అని యొకరును, "కోయకుండ పోవు రోగమా యిది?" అని యొకరును రచ్చబండకడ వాదించుచుందురు. ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నది. రెంటిలోను కొంత ప్రమాదమున్నది. మాత్ర యెవరికి చాలును, ఎవరికి చాలదు, ఆ సంగతి యెట్లు తెలియును అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

దీనిని ముఖ్యముగ గ్రామపెద్దలకు విన్నవించుటకు కారణము కలదు. ఇంట ఆడువారికి జబ్బు చేసినపుడు పట్నమునకు తీసికొనిపోవలెనా, పొలము తాకట్టు పెట్టవలెనా, ఈ వయసున కోతకు ఒప్పుకొనవలెనా అను నిర్ణయము తఱచుగ పెద్దల నోటనే వెలువడుచున్నది. సంగతి తెలిసి చేసిన నిర్ణయము ప్రాణమును నిలుపును. సంగతి తెలియక, కేవలము జాలిచేత చేసిన నిర్ణయము ఎవరిని చూచి జాలిపడితిమో వారికే హాని చేయవచ్చును.

ఈ మాత్రల చరిత్ర పాడిపశువులతో మొదలగుచున్నది. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరములో జార్జి బీట్‌సన్ అను శస్త్రవైద్యుడుండెను. ఆయన యౌవనమున పాలు ఊఱుటను గూర్చి పరిశోధన వ్యాసమును వ్రాయుచు గొఱ్ఱెల పెంపకమును దగ్గఱనుండి చూచెను. ఈనిన ఆవునకు అండాశయములు తీసివేసినచో అది త్వరగా వట్టిపోక చాలకాలము పాలిచ్చునని ఆస్ట్రేలియాలోని పాడిరైతులు ఎఱుగుదురన్న సంగతియు ఆయనకు తెలిసెను. అండాశయములుండునది కడుపులో, పాలు ఊఱునది పొదుగులో. రెంటిని కలుపు నరమేదియు కానరాదు. అయినను ఒకదానిని తీసివేసినచో రెండవదానిలో మార్పు కలుగుచున్నది. ఆవుపొదుగునకు ఇట్టి సంబంధమున్నపుడు స్త్రీ రొమ్మునకును ఉండవలెను గదా. ఆ రొమ్మున పుట్టిన రాచపుండునకును ఉండవచ్చును గదా అని బీట్‌సన్ యోచించెను.

1895వ సంవత్సరము జూన్ 15వ తేదీన ఆయన 33 ఏండ్ల యొక స్త్రీకి అండాశయములు తీసివేసెను. ఆమె రొమ్మును అంతకుముందే తీసివేసియుండిరి. అయినను వ్యాధి తిరిగివచ్చి, ఇక కత్తికి లొంగని స్థితిలో నుండెను. అండాశయములు తీసిన కొన్ని మాసములలో ఆ గడ్డలు క్రమక్రమముగ కరగి మాయమయ్యెను. 1896లో బీట్‌సన్ ఈ వృత్తాంతమును లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించెను. వ్యాధి శాశ్వతముగ పోలేదు. కొన్ని యేండ్లకు మఱల తలయెత్తినది. 1900లో లండను నగరమునందలి స్టాన్లీ బాయిడ్ అను శస్త్రవైద్యుడు ఇట్టి రోగుల వృత్తాంతములను కూర్చి చూడగా, సుమారు ముగ్గురిలో నొకరికి మాత్రమే గుణము కనబడినదని తేలెను. తక్కిన యిద్దరికి ఏల గుణము కనబడలేదో ఆ కాలమున ఎవరికిని తెలియలేదు. ఈ ప్రశ్నను జ్ఞాపకముంచుకొనుడు. మాత్ర యెవరికి, కత్తి యెవరికి అను విచారమంతయు దీనినుండియే పుట్టినది.

అండాశయములలో పుట్టి రక్తమున కలియు పదార్థమొకటి కలదు. దానికి ఈస్ట్రోజెను అని పేరు. శరీరమున ఒకచోట పుట్టి, రక్తముతోకూడ ప్రవహించి, మఱియొకచోట పని చేయించు ఇట్టి పదార్థములను హార్మోనులందురు. ఆడుపిల్ల ఈడేరునపుడు రొమ్ములు పెరుగుట ఈస్ట్రోజెను చేయించు పనియే. రొమ్ము కణములు పెడదారి పట్టి రాచపుండుగ మారినపుడు, వానిలో కొన్ని ఈ పాత అలవాటును విడువవు. ఈస్ట్రోజెను అందినంతకాలము పెరుగుచునే యుండును.

అయితే అన్ని గడ్డలును ఇట్లు కావు. 1958 ప్రాంతమున అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమున ఎల్వుడ్ జెన్సెన్ అను శాస్త్రజ్ఞుడు, ఈస్ట్రోజెనును పట్టి నిలుపుకొను ప్రత్యేక పదార్థము కొన్ని కణములలో మాత్రమే యున్నదని కనుగొనెను. ఈ పదార్థమునకు గ్రాహకము అని పేరు. గ్రాహకములున్న గడ్డకు ఈస్ట్రోజెను ఎఱువు వంటిది. గ్రాహకములు లేని గడ్డకు దానితో నిమిత్తము లేదు. ఈస్ట్రోజెనును ఎంత కట్టివేసినను ఆ గడ్డ ఆగదు. 1900లో కొందఱికి గుణము కనబడి పెక్కుమందికి కనబడకపోవుటకు ముఖ్యకారణమిదియే.

నేడు ఈ సంగతి తెలిసికొనుట కష్టము కాదు. గడ్డలోనికి లావుపాటి సూదిని పోనిచ్చి దారపుపోగువంటి చిన్న ముక్కను తీసి పరీక్షాలయమునకు పంపుదురు. వారు రంగులు వేసి సూక్ష్మదర్శినితో చూచి గ్రాహకములు కలవో లేవో, కలవేని ఏపాటి కలవో వ్రాసి యిత్తురు. ఆ కాగితముమీద "ఈ.ఆర్. పాజిటివ్" అని యున్నచో గ్రాహకములు కలవని అర్థము. "నెగటివ్" అని యున్నచో లేవని అర్థము. ఈ కాగితము చేతికి రానిదే హార్మోను మాత్రల మాట యెత్తుటయే తగదు.

మాగాణి సేద్యము ఎఱిగిన మీకు ఈ మందులు పనిచేయు తీరు సులభముగ బోధపడును. పొలములో తుంగ మొలచినదనుకొనుడు. నీరు అందినంతకాలము అది యెదుగును. నీరు అందకుండ చేయుటకు మూడు మార్గములున్నవి. చెఱువునే ఎండగట్టవచ్చును, కాలువ తూమును మూయవచ్చును, లేదా ఆ మడికి నీరు పాఱు మడవను కట్టివేయవచ్చును. ఈస్ట్రోజెను విషయమునను ఇట్టి మూడు మార్గములే కలవు.

చెఱువును ఎండగట్టుట బీట్‌సన్ చేసిన పని. అండాశయములు తీసివేయుట యన్నమాట. ఆపరేషను లేకుండ ఆ పని చేయుటకు నేడు గోసెరెలిన్ అను సూదిమందు కలదు. దానిని నెలకొకసారి వేసినచో అండాశయములు నిద్రించును; మందు మానినచో, వయసు మీఱనివారికి, సాధారణముగ మఱల మేల్కొనును.

మడవను కట్టు మందు పేరు టామాక్సిఫెను. ఇది ఈస్ట్రోజెను పుట్టకుండ చేయదు. రొమ్మునందలి గడ్డలోని గ్రాహకములను తానే ముందుగ పోయి ఆక్రమించి, ఈస్ట్రోజెనుకు చోటు లేకుండ చేయును. దీని పుట్టుక విచిత్రమైనది. 1962లో ఇంగ్లాండు దేశమున చెషైరు మండలములోని ఆల్డర్లీ పార్కు అనుచోట, ఐ.సి.ఐ. అను రసాయన సంస్థవారి పరిశోధనాలయమున డోరా రిచర్డ్‌సన్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని తయారుచేసెను. గర్భము రాకుండ చేయు మందును కనుగొనవలెనని ఆ సంస్థవారి యుద్దేశము. ఎలుకలలో అది అట్లే పనిచేసినది. స్త్రీలలో మాత్రము దానికి విరుద్ధముగ అండము విడుదలయగుటకే తోడ్పడినది! గర్భము వద్దనువారికై చేసిన మందు గర్భము కావలెననువారికి పనికివచ్చునదయ్యెను. ఆ పరిశోధకవర్గమునకు నాయకుడైన ఆర్థర్ వాల్పోల్ దానిని విడిచిపెట్టక రాచపుండునకు ప్రయోగింపవలెనని పట్టుబట్టెను. 1971లో మాంచెస్టరులోని క్రిస్టీ ఆసుపత్రిలో మేరీ కోల్ అను వైద్యురాలును ఆమె సహచరులును ముదిరిన వ్యాధిగల 46 మంది స్త్రీలకు ఇచ్చి చూడగా 10 మందికి మంచి గుణము కనబడినదని ప్రకటించిరి. 1973లో బ్రిటనునందును, 1977లో అమెరికాయందును ఈ మందు వాడుకకు అనుమతి లభించెను. నేడిది ప్రపంచారోగ్య సంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలో నున్నది, వెలయు స్వల్పమే.

ఇక తూమును మూయు మందుల సంగతి. ముట్లుడిగిన స్త్రీకి అండాశయములు పని మానివేసినను ఈస్ట్రోజెను పూర్తిగ పోదు. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులు మఱియొక హార్మోనును పుట్టించును. అది శరీరమునందలి క్రొవ్వులోను కండలోను ఈస్ట్రోజెనుగ మారును. ఆ మార్పు చేయు పదార్థము పేరు ఆరోమటేసు. లెట్రొజోలు, అనస్ట్రొజోలు, ఎక్సెమెస్టేను అను మాత్రలు ఆ ఆరోమటేసును కట్టివేయును. ముట్లుడిగిన స్త్రీలకు ఇవి చక్కగ పనిచేయును. ముట్లుడగనివారికి మాత్రము అండాశయములను ముందుగ నిద్రపుచ్చనిదే వీనివలన ప్రయోజనము లేదు. చెఱువు నిండియుండగా పిల్లకాలువ తూమును మూసి లాభమేమి?

ఈ మందులను శస్త్రచికిత్సతో కలిపి వాడుట నేడు సర్వత్ర ఆచారమైనది. గడ్డను తీసివేసిన పిదప, కంటికి కనబడక శరీరమున మిగిలిన కణములు మఱల తలయెత్తకుండుటకై టామాక్సిఫెనును 5 ఏండ్లపాటు ఇచ్చినచో ఏమగునో తెలిసికొనుటకు పెక్కు దేశములలో జరిగిన పరీక్షలను ఒకచోట కూర్చి 2011లో ప్రకటించిరి. గ్రాహకములుగల గడ్డలవారిలో ఈ వ్యాధిచే కలుగు మరణములు మొదటి 15 ఏండ్లలో సుమారు మూడవవంతు తగ్గినవి. కావున ఆపరేషను చేయించుకొని, "గడ్డ పోయినది గదా" అని మాత్రను మధ్యలో మానివేయుట పంట కోసి ఆరుబయట విడిచినట్లగును.

ఆపరేషనునకు ముందే ఈ మందు నిచ్చుటయు కలదు. గడ్డ పెద్దదై, రొమ్మంతయు తీయక తప్పని స్థితిలోనున్న ముట్లుడిగిన స్త్రీలకు 4 మాసములపాటు మందునిచ్చి చూచిన పరీక్ష యొకటి 2001లో ప్రకటితమైనది. లెట్రొజోలు తీసికొనినవారిలో నూటికి 55 మందికి గడ్డ తగ్గినది. టామాక్సిఫెను తీసికొనినవారిలో నూటికి 36 మందికి తగ్గినది. మొదటివారిలో నూటికి 45 మందికి, రెండవవారిలో 35 మందికి రొమ్మును నిలుపుకొని గడ్డను మాత్రము తీయుటకు వీలైనది. ఇక్కడ మాత్ర కత్తిని తప్పింపలేదు. కత్తి పనిని తగ్గించినది.

ఇప్పుడు మనకు ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. కత్తి బొత్తిగ లేకుండ మాత్రతోడనే సరిపుచ్చుకొనవచ్చునా?

ఈ ఆలోచన వృద్ధస్త్రీల చికిత్సలో పుట్టినది. 1982లో స్కాట్లండు దేశమునందలి డండీ వైద్యులు, వృద్ధస్త్రీలకు ఆపరేషను లేకుండ టామాక్సిఫెనునే మొదటి చికిత్సగ ఇచ్చి, పెక్కుమందిలో గడ్డలు తగ్గుట చూచి ప్రకటించిరి. ఆ వార్త వైద్యలోకమున ఆశను కలిగించెను. కాని ఆశ వేఱు, నిర్ధారణ వేఱు. దానిని తేల్చుటకై బ్రిటనులో 70 ఏండ్లు దాటిన 455 మంది స్త్రీలను చీట్లు వేసినట్లు రెండు జట్లుగ విభజించి, ఒక జట్టునకు ఆపరేషనును టామాక్సిఫెనును, రెండవ జట్టునకు టామాక్సిఫెను మాత్రమును ఇచ్చిరి. మొదటి మూడేండ్లు రెండు జట్ల నడుమ ఆయుర్దాయమున భేదము కానరాలేదు. ఆ తరువాత భేదము పైకి తేలినది. 2004లో ప్రకటించిన దీర్ఘకాల ఫలితములనుబట్టి, ఆపరేషను లేని జట్టులో వ్యాధి ముదురుటయు మరణములును ఎక్కువయ్యెను. ఇట్టి పరీక్షలు ఏడింటిని, 1571 మంది స్త్రీల వృత్తాంతములను కూర్చి 2006లో విమర్శించి చూచిన పండితులు, మొత్తముమీద ఆయుర్దాయమున నిశ్చయముగ చెప్పదగిన భేదము లేకున్నను, రొమ్మునందలి వ్యాధిని అదుపున నుంచుటలో ఆపరేషనుదే పైచేయి యని తేల్చిరి.

ఈ పరీక్షలలో ఒక లోపము కలదు. పెక్కింటిలో గ్రాహకముల పరీక్ష చేయకుండనే మందు నిచ్చిరి. గ్రాహకములు లేనివారికిని టామాక్సిఫెను నిచ్చుటచేత మాత్రకు కొంత అన్యాయము జరిగినది. ఈ లోపమును తీర్చుటకై నాటింగ్‌హాము వైద్యులు గ్రాహకములు మిక్కిలిగ నున్న 153 మంది వృద్ధస్త్రీలను మాత్రమే తీసికొని పరీక్షించి, 20 ఏండ్ల ఫలితములను 2012లో ప్రకటించిరి. వీరిలో ఆయుర్దాయమునకు చెప్పదగిన భేదము కానరాలేదు. అయినను మాత్రతోడనే యున్నవారికి రొమ్మునందు గడ్డ మఱల పెరుగుట ఎక్కువగనే యుండెను.

దీని తాత్పర్యము తుంగ నెఱిగినవారికి చెప్పనక్కఱలేదు. నీరు కట్టినచో తుంగ ఆకు వాడును. మడి పచ్చదనము పోవును. చూచువారు తుంగ చచ్చినదనుకొందురు. నేలలో గడ్డ మాత్రము నిలిచియుండును. హార్మోను మాత్రయు ఇట్లే గడ్డను వాడ్చును. ఆ వాడుట నెమ్మదిగ, మాసములమీద జరుగును. కొందఱిలో అది కొన్ని యేండ్లు అట్లే యుండును. టామాక్సిఫెనుతో సాధారణముగ రెండు మూడేండ్లకు వ్యాధి మందునకు అలవాటుపడి మఱల ఎదుగుట ప్రారంభించును. శస్త్రవైద్యుని కత్తి చేయునది తుంగగడ్డను త్రవ్వి తీయుట. త్రవ్వుటకు ఓపికయున్నచోట త్రవ్వవలసినదే.

అయితే మాత్ర యొక్కటియే ఎవరికి? ఏ వృద్ధురాలికి గుండెజబ్బో, ఊపిరితిత్తుల జబ్బో, మఱియే పెద్ద రుగ్మతయో యుండి, ఆపరేషను ఆమెకు వ్యాధికన్న ప్రమాదమని వైద్యులు నిర్ణయింతురో, ఆమెకు. మఱియు ఆమె గడ్డలో గ్రాహకములు సమృద్ధిగ నుండవలెను. ఇట్టివారి విషయమై ఐరోపా వైద్యపండితులు 2012లో చేసిన సూచన యిది: తక్కిన జబ్బులకు చేయదగిన వైద్యమంతయు చేసినను రెండు మూడేండ్లకన్న ఎక్కువ కాలము జీవింపదని తోచినవారికిని, ఆపరేషనునకు తగనివారికిని, తెలిసి వద్దనువారికిని మాత్రమే ఈ పద్ధతి. బ్రిటనునందలి ప్రభుత్వ వైద్యమార్గదర్శకులు 2009లోనే, వయసును చూచి కాక, శరీరస్థితిని చూచి నిర్ణయింపవలెనని వ్రాసిరి. 80 ఏండ్ల వయసున తన పని తాను చేసికొనుచు, తోటకు నడచి పోవు అవ్వకు, "పెద్దదైనది" అను నొక్క కారణముచే కత్తిని తప్పించుట న్యాయము కాదు. అరువదేండ్లకే మంచము పట్టి, గుండె బలహీనమైన స్త్రీకి మాత్రయే మంచిదికావచ్చును.

మఱియొక తెగవారు కలరు. వ్యాధి యెముకలకో, కాలేయమునకో, ఊపిరితిత్తులకో వ్యాపించినవారు. వీరికి రొమ్మును తీసినందువలన ఆయువు పెరుగదు. ముంబయి నగరమునందలి టాటా స్మారక వైద్యశాలలో ఇట్టి 350 మంది స్త్రీలను పరీక్షించి 2015లో ప్రకటించిన ఫలితమును ఇదియే. అట్టివారిలో గ్రాహకములున్నచో హార్మోను మందులే ముఖ్యమైన యాధారము. వాని సాయముచే ఏండ్ల తరబడి ఇంటి పనులు చేసికొనుచు జీవించువారును కలరు. కావున మాత్రను చులకనగ చూడరాదు. తగినచోట అది నిజమైన మందే; కంటితుడుపు కాదు.

కత్తికి వెఱచువారికి ఒక మాట. నేటి కత్తి తాతలనాటి కత్తి కాదు. ఒకప్పుడు రొమ్ముతోపాటు దాని క్రింది కండలను, చంకలోని గ్రంథులను కూడ తీసివేసెడివారు. ఇటలీలోని మిలాను నగరమున ఉంబెర్టో వెరొనేసీ 1981లోను, అమెరికాయందు బెర్నార్డ్ ఫిషరు 1985లోను ప్రకటించిన పరీక్షలనుబట్టి, గడ్డ చిన్నదైనపుడు దానిని మాత్రము తీసి, మిగిలిన రొమ్మునకు కిరణచికిత్స చేసినను ఆయుర్దాయమున భేదముండదని తేలినది. మిక్కిలి బలహీనులైన వృద్ధులకు పూర్తిగ మత్తు ఇయ్యక, ఆ భాగమునకు మాత్రమే స్పర్శ పోగొట్టు సూదివేసి గడ్డను తీయుట కూడ కొన్ని సందర్భములలో వీలగును. "కోతకు తట్టుకొనలేదు" అని ఇంటివారే తీర్పు చెప్పక, ఆ మాటను మత్తు ఇచ్చు వైద్యుని చేత చెప్పించుట మంచిది.

మాత్రకును కష్టములు లేకపోలేదు. టామాక్సిఫెనువలన ఒడలు వేడియెక్కి చెమటలు పట్టును. కాలి నరములలో రక్తము గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు పోవు ప్రమాదము కొద్దిగ కలదు. కాలు వాచినను, హఠాత్తుగ ఆయాసము వచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. గర్భాశయమున రాచపుండు పుట్టు అవకాశమును, ముఖ్యముగ ముట్లుడిగినవారిలో, కొంత పెరుగును. కావున ముట్లుడిగిన పిదప మఱల రక్తము కనబడినచో సిగ్గుపడి దాచరాదు. లెట్రొజోలు మొదలగు మాత్రలవలన కీళ్లనొప్పులు కలుగును, ఎముకలు పలుచబడును, చిన్న పాటునకే విఱుగవచ్చును. ఈ మందులను తీసికొనువారు మూడు నాలుగు మాసములకొకసారి వైద్యునికి కనబడి గడ్డను కొలిపించుకొనవలెను. గడ్డ తగ్గుచున్నదా, నిలిచియున్నదా, పెరుగుచున్నదా అను దానినిబట్టి మందును మార్చుటయో, కత్తిని ఆశ్రయించుటయో జరుగును. ఒకమాఱు చీటి వ్రాయించుకొని ఏండ్ల తరబడి మందుల అంగడిలో కొని మ్రింగుట చికిత్స కాదు.

మన దేశపు సంగతి కొంత వేఱుగ నున్నది. పాశ్చాత్య దేశములలోకన్న ఇచ్చట ఈ వ్యాధి సుమారు పదేండ్ల ముందు వయసుననే కనబడుచున్నది. గ్రాహకములు లేని గడ్డలును ఇచ్చటనే ఎక్కువ. అనగా, ఇంగ్లాండులోని వృద్ధస్త్రీలకు చెప్పిన మాటను ఇచ్చటి నలువదియైదేండ్ల యిల్లాలికి అన్వయించుట తప్పు. ఆ వయసువారికి ఆపరేషను ముందు. అవసరమైన తక్కిన చికిత్సలు తరువాత. గ్రాహకములున్నచో మాత్రయు దానితోకూడ. ఆమె కోతకు వెఱచి మాత్రను కోరినను, లేక ఖర్చునకు వెఱచి ఇంటివారు కోరినను, తీరిక చేసికొని నచ్చజెప్పవలసిన భారము పెద్దలది. ఖర్చు విషయమై, ఆరోగ్యశ్రీ పేర 2007లో ఆరంభమైన ప్రభుత్వ వైద్యసహాయ పద్ధతి కలదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు వైద్యశాలయు, విశాఖపట్టణమునందలి హోమీ భాభా కాన్సరు వైద్యశాలయు ఈ వ్యాధికై ప్రత్యేకముగ నేర్పడినవి. పొలము తాకట్టు పెట్టుటకు ముందు ఈ దారులను విచారింపవలెను.

అన్నిటికన్న పెద్ద హాని ఆలస్యమువలన కలుగుచున్నది. రొమ్మునందలి గడ్డ మొదట నొప్పి పెట్టదు. నొప్పి లేదు గదా అని పసరుకట్లు కట్టుచు మాసములు గడుపుదురు. నొప్పిలేని గడ్డ, రొమ్ముమీది చర్మము నొక్కుపడుట, చనుమొన లోనికి పోవుట, దానినుండి రక్తము కాఱుట, చంకలో గడ్డ తగులుట: వీనిలో ఏది కనబడినను ఆ వారములోనే వైద్యునికి చూపవలెను. చిన్నగడ్డకు కత్తియు చిన్నదే.

వైద్యునియొద్ద మీరు అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. ఈ గడ్డలో గ్రాహకములు కలవా? వ్యాధి రొమ్ముననే యున్నదా, దూరము పోయినదా? ఈమె శరీరము ఆపరేషనునకు తాళునా, తాళదని చెప్పినది ఎవరు? మాత్రతోడనే యుండినచో ఎప్పుడెప్పుడు చూపవలెను, మాత్ర పనిచేయనపుడు చేయవలసినదేమి? ఈ నాలుగింటికి సమాధానము దొరికినచో కత్తియా, మాత్రయా అను వాదము తానే తీఱిపోవును.

అయిదవ ప్రశ్న వైద్యుని నడుగవలసినది కాదు. ఆ తల్లిని అడుగవలసినది. కత్తికి తెలిసి ఒప్పుకొనుటకును, తెలిసి కాదనుటకును హక్కు ఆమెది. ఆమెకు రోగము పేరు చెప్పక, మాత్రను బలమునకు మందని చెప్పి మ్రింగించు ఇండ్లు కలవు. అది ప్రేమచే చేయు పనియే. కాని, తాను మ్రింగునది ఏ మందో తెలియని మనిషి, నొప్పి తగ్గినదని తలచి దానిని మానివేయవచ్చును. కాలు వాచినపుడు చెప్పకపోవచ్చును. ఆమెకు సంగతి చెప్పుడు. ఆమె మాట వినుడు. ఆ పిమ్మట చేసిన నిర్ణయము కత్తియైనను, మాత్రయైనను, ఇంటిల్లిపాదియు దానికి కట్టుబడి నిలువవచ్చును.